పద్నాలుగు కిలోమీటర్లు

బాన్సువాడ,
జూన్ 18, 2025

అక్కయ్యా,

నీ ఉత్తరం అందింది. ఫోనులో నేనొకటి అంటే నువ్వొకటి విని, చివరికి ఇద్దరం అలిగి పెట్టేస్తాం కనుక, నీ చెవులు పోయిన దగ్గర్నుంచి ఈ కాగితాలే మనకి దిక్కయ్యాయి. నాకూ మంచి కాలక్షేపమే. ఇది కూడా పికప్ బండిలో కూర్చుని, స్టీరింగు మీద అట్ట పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే నన్ను తిట్టకు.

నా ఉద్యోగం నీకు తెలిసిందే. పొద్దున తొమ్మిదింటికి సిరీషని భాస్కర్ ఆన్‌లైన్ సెంటర్ దగ్గర దించుతాను. అది కంప్యూటరు ముందు కూర్చుని ఊళ్ళోవాళ్ళ దరఖాస్తులు నింపుతుంటే, నేను సందు చివర నీడ చూసుకుని ఐదున్నర దాకా బండిలో పడుంటాను. మన ఆంధ్రా రైతుల క్యాంపు నుంచి ఇక్కడికి పద్నాలుగు కిలోమీటర్లు. మధ్యాహ్నం ఇంటికి పోయి మళ్ళీ రావాలంటే డీజిలు రెట్టింపవుతుంది. టన్నున్నర మోసే బండిలో నలభై ఐదు కిలోల పిల్లని మోసుకొస్తున్నాను. పొలం కౌలుకిచ్చాక దీనికి వేరే పని కూడా లేదు. ఏనుగుని మేపినట్టే ఉంది.

ఇప్పుడు నీ మేనకోడలు కొత్త పాట ఎత్తుకుంది. కరెంటు స్కూటరు కొనుక్కుని, వెనక రెండు పక్క చక్రాలు బిగించుకుని, చేతికర్రలు పక్కన కట్టుకుని, తనే వచ్చి తనే పోతుందట. "నా జీతంలో మూడో వంతు నీ బండే తాగేస్తోంది నాన్నా, దీన్ని అమ్మెయ్" అంటుంది. ఈ రోడ్డు సంగతి నీకు తెలియదు. చెరకు ట్రాక్టర్లు రోడ్డంతా ఆక్రమించుకుని వస్తాయి. కాలువ వంతెన దగ్గర మలుపులో ఎదుటివాడు కనపడడు. ఎడమకాలు పూర్తిగా చచ్చుబడి, కుడికాలు సగమే పనిచేసే పిల్ల ఆ మలుపులో ఏం చేస్తుంది?

ఇంట్లో ఎక్కించడం, ఇక్కడ దించడం, సాయంత్రం మళ్ళీ ఎక్కించి దించడం, రోజుకి నాలుగుసార్లు ఎత్తుకుంటాను. అరవై ఒకటి దాటినా నా నడుం ఇంకా గట్టిదే. నాకేం కష్టం లేదు. నువ్వు దానికొక మాట రాయి. వాళ్ళమ్మ పోయాక అది నీ మాటే వింటుంది.

నీ తమ్ముడు,
రామబ్రహ్మం

*

ఉయ్యూరు,
జూలై 2

రామబ్రహ్మం,

నువ్వు అడిగిన మాట నేను రాయను. పైగా స్కూటరు కొనుక్కోమని దానికి వేరే కార్డు రాసి పడేశాను.

నీ బాధేమిటో నాకు తెలుసులే. కూతురు లోపల కష్టపడుతుంటే బండిలో కూర్చుని కునుకులు తీసే ఉద్యోగం పోతుందని. నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే. బడికి పోవాలంటే కడుపునొప్పి, కాలువ గట్టు మీద కూర్చోవాలంటే ఎక్కడలేని ఆరోగ్యం. ముప్పయ్యేళ్ళు వస్తున్న పిల్లని నడిబజారులో చంకనెత్తుకుని దించుతుంటే దానికి ఎలా ఉంటుందో ఎప్పుడైనా అడిగావా? ఆడపిల్లరా అది, ఎరువు బస్తా కాదు.

అది మొండిది, నాకూ తెలుసు. పుట్టుకతో వచ్చిన మొండితనం. ఆ రోజు వడ్ల లోడు మీద ఎక్కొద్దని నువ్వు మొత్తుకున్నా ఎక్కింది, నడుం విరగ్గొట్టుకుంది. ఆరేళ్ళయింది. దాని తప్పుకి అది చాలినంత అనుభవించింది. ఇప్పుడు బుద్ధిగా అడుగుతోంది కదా, ఒప్పుకో. బండి అమ్మెయ్. అమ్మిన డబ్బులో ముందు ఒక మంచి హెల్మెట్ కొను.

మా అబ్బాయి గోపీచంద్, కోడలు సుస్మిత పిల్లాణ్ణి తీసుకుని బెజవాడ నుంచి వచ్చి మొన్ననే వెళ్ళారు. వాడికి పళ్ళొచ్చాయి. నా వేలు కొరికి పోయాడు. ఇంట్లో ఏ చప్పుడూ వినపడని దాన్ని, ఆ నొప్పే నాలుగు రోజులు తోడుగా ఉంది.

చెవులు పోయినా నోరు పోని మీ అక్క,
శాంత

*

బాన్సువాడ,
జూలై 21

అక్కయ్యా,

నీ కార్డు చదివి అది నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది కనుక నీ మీద కోపం తెచ్చుకోలేకపోయాను.

కానీ తరవాత జరిగింది బాగాలేదు. నాట్లు మొదలయ్యాయి, వానలు పడుతున్నాయి. మొన్న గురువారం సెంటర్ ముందంతా బురద. దాన్ని ఎత్తుకుని దించుతుంటే నా కాలు జారింది. ఇద్దరం బండి తలుపుకి కొట్టుకున్నాం. టీ కొట్టు దగ్గర ఉన్న ఇద్దరు పరిగెత్తుకొచ్చి పట్టుకోబట్టి సరిపోయింది. దాని మోచేయి గీరుకుంది, చీర కుచ్చిళ్ళన్నీ బురద. లోపలికి పోయి కూర్చుని, అందరి ముందే చెప్పింది. "స్కూటరు బుక్ చేశాను నాన్నా. వచ్చే నెల ఇస్తారు. నిజామాబాద్‌లో పక్క చక్రాలు బిగించే మెకానిక్‌తో కూడా మాట్లాడాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. కాలు జారిన సిగ్గు ఒకటి, నన్ను అడగకుండా చేసిందన్న ఉక్రోషం ఒకటి. భాస్కర్ ఉన్నాడు, దరఖాస్తుల కోసం పదిమంది వరసలో ఉన్నారు. వాళ్ళందరి ముందు, "ఒకసారి నా మాట వినకుండా ఎక్కి ఈ గతి తెచ్చుకున్నావు, ఇంకా బుద్ధి రాలేదా?" అన్నాను.

అది నా వైపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను, లేకపోతే తిరగబడుతుందనుకున్నాను. అది తల తిప్పుకుని, వరసలో ముందున్న ఆమెని, "ఆధార్ కార్డు తెచ్చినవా అవ్వా?" అని అడిగింది.

నాలుగు రోజులైంది. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ కిటికీలోంచి పొలాల వైపు చూస్తూ కూర్చుంటోంది. అన్నం పెడుతుంది, అడిగితే బదులిస్తుంది. అంతకుమించి మాట లేదు. అనకూడని మాట అన్నానక్కయ్యా.

రామబ్రహ్మం

*

ఉయ్యూరు,
ఆగస్టు 3

తమ్ముడూ,

పదిమందిలో అన్నావు, అది తప్పే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ఇంటికి పోయాక అనాల్సింది. కానీ అంతగా కుమిలిపోవడానికి నువ్వు లేని మాటేం అన్నావు? ఉన్నమాటంటే ఉలుకెక్కువ. అది ఎక్కింది, పడింది. ఆ మాట దానికీ తెలుసు, లోకానికీ తెలుసు.

నేను మాత్రం మర్చిపోయాననుకున్నావా? అది పుట్టినప్పుడే మా గోపీకి అనుకున్నాం. మరదలు పోతూ దాని చెయ్యి నా చేతిలో పెట్టింది. అది లోడు మీద ఎక్కకపోతే ఈ పాటికి నా ఇంట్లో తిరుగుతూ, నాకు వినపడటం లేదని నా మీదే జోకులేస్తూ ఉండేది. సుస్మిత మంచి పిల్లే. నేనేమీ అనడం లేదు. కానీ మంచి పిల్ల వేరు, మన పిల్ల వేరు.

అయినా జరిగినదాన్ని తవ్వుకుని ఏం లాభం. దాని తప్పు అది మోస్తోంది, నీ పాట్లు నువ్వు పడుతున్నావు. ఆ బండి అమ్మెయ్. దాన్ని చూసినప్పుడల్లా మీ ఇద్దరికీ ఆ రోజే గుర్తొస్తుంది. దానికి సారీ చెప్పు. మగవాడివి, తండ్రివి, అయినా చెప్పు.

అక్క

*

క్యాంపు,
ఆగస్టు 24

అక్కయ్యా,

బండి అమ్మేశాను. మొదటిసారి ఇంటి దగ్గర బల్ల మీద కూర్చుని నీకు రాస్తున్నాను. ఎన్నిసార్లు మొదలుపెట్టి చించేశానో లెక్కలేదు.

కొన్నది తండా మోతీరాం. కూలీలని నాట్లకి తీసుకెళ్ళడానికి అల్లుడు జేత్యాకి కావాలట. మోతీరాం నీకు గుర్తుండకపోవచ్చు. ఆ ఏడు మన వడ్లు లోడు చేసిన హమాలీ. బండి చుట్టూ తిరిగి చూశాడు, బేరం కుదిరింది. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, మెల్లగా అన్నాడు.

"అన్నా, ఒక్క మాట అడుగుత, కోపం చెయ్యకు. మొన్న భాస్కర్ దుకాణంల బిడ్డను గట్లెందుకన్నవ్? మా ఇంటామె భీమ్లి గాడనే ఆధార్ పనికి లైన్ల ఉండె, మొత్తం ఇన్నది. గా దినం నేను తాడు తెస్త అని ఉరుకుతుంటే, తాడొచ్చేదాంక వడ్లు నానుతయ్, పిల్ల పైన కూసుంటది, పోదాం అన్నది నువ్వే గద. ఆరేండ్ల సంది నేను నోరిప్పలె. ఆ బిడ్డనే ఇప్పకపాయె, ఇగ నేనెవన్ని అని ఊకున్న."

అవునక్కయ్యా. నువ్వు రాసింది నిజం కాదు. నేను నీకు చెప్పిందే నిజం కాదు.

ఆ రోజు కొనుగోలు కేంద్రంలో కాంటాకి మన వంతు పన్నెండు గంటలకి. పదకొండున్నరకి మబ్బు కమ్ముకొచ్చింది. తడిసిన వడ్లు కాంటా మీదకి రానివ్వరు. వంతు తప్పితే మళ్ళీ ఎన్నాళ్ళకో. లోడు మీద టార్పాలిన్ కప్పాం కానీ కట్టే తాడు తెగిపోయింది, గాలికి టార్పాలిన్ లేస్తోంది. సిరీష సెలవులకి వచ్చి గుమ్మంలో నిలబడి చూస్తోంది. నేనే పిలిచాను. "అమ్మాయ్, పైకెక్కి టార్పాలిన్ మీద కూర్చో, నీ బరువుకి ఎగరదు" అన్నాను. ఇక్కడ అందరూ చేసే పనే. చిన్నప్పుడు గడ్డిబండి మీద నువ్వూ నేనూ కూర్చోలేదూ? అది ఎక్కి కూర్చుని, "బస్తాలు ఊగుతున్నాయి నాన్నా, భయంగా ఉంది" అంది. "ఎంతసేపే, మూడు కిలోమీటర్లు. గట్టిగా పట్టుకో" అన్నాను.

వంతు పోతుందని బండి తరిమాను. కాలువ వంతెన మలుపు కూడా ఆ వేగంతోనే తిప్పాను. వెనక్కి తిరిగి ఒక్కసారి కూడా చూడలేదు. కేంద్రం దగ్గర బండి ఆపి దిగి, ముందు వడ్లు తడిశాయా అని చూశాను. టార్పాలిన్ లేదు. అప్పుడు గుర్తొచ్చింది దాని మీద పిల్ల ఉండాలని. ఈలోగా వెనకాల ట్రాక్టరులో ఎవరో దాన్ని పడుకోబెట్టి తీసుకొచ్చారు.

ఆసుపత్రిలో డాక్టరు ఎలా పడిందని అడిగితే, "వద్దంటున్నా ఎక్కిందండీ" అన్న మాట నా నోట్లోంచి దానంతటదే వచ్చింది. సర్దుకుందాం అనుకునేలోపు నువ్వొచ్చావు, చుట్టాలొచ్చారు, క్యాంపు వాళ్ళొచ్చారు. ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్పాల్సి వచ్చింది. మూడోరోజు దానికి తెలివొచ్చింది. నర్సు అడిగింది. అది నా మొహం చూసి, "నేనే ఎక్కాను" అంది. ఆ తర్వాత ఈ ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. రోజుకి నాలుగుసార్లు ఎత్తి దించి, ఎండలో వానలో బండిలో పడుండి, అదే నా శిక్ష అనుకున్నాను. ఆ శిక్ష పోతుందనే స్కూటరు వద్దన్నానేమో. నాకే తెలియడం లేదు.

స్కూటరు పదిహేనో తేదీకే వచ్చింది. వారం రోజులు క్యాంపు రోడ్డు మీద నేర్చుకుంది. రేపటి నుంచి తనే పోతుంది. దానికి ఇంకా ఏమీ చెప్పలేదు. దానికి తెలిసిన సంగతే కదా, కొత్తగా ఏం చెప్పను? నీకు చెప్పాలి అనిపించింది, చెప్పాను. తిట్టు, పడతాను.

రామబ్రహ్మం

*

ఉయ్యూరు,
అక్టోబరు 14

రామబ్రహ్మం,

కోపం తగ్గాక రాద్దామని నెలన్నర ఆగాను. తగ్గలేదు. అందుకే రాస్తున్నాను.

నీకు తెలియని సంగతి ఒకటుంది. అది పడ్డ నెలకి గోపీ నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. "అమ్మా, కాళ్ళు పోతే పోయాయి, సిరీష సిరీషే కదా. అనుకున్నట్టే చేసుకుంటాను" అన్నాడు. నాకు అప్పటికి బాగానే వినపడేది. విననట్టు ఊరుకున్నాను. మళ్ళీ అడిగాడు. "పెద్దల మాట లెక్కచెయ్యక పడ్డ పిల్ల. దాని తప్పు నువ్వెందుకురా జీవితాంతం మొయ్యడం?" అన్నాను. నెల రోజులు నాతో గొడవపడ్డాడు. ఆ ఒక్క మాటనే పట్టుకుని వాణ్ణి వంచాను. మరుసటి ఏడే సుస్మితని తెచ్చి చేశాను. నీకు మాత్రం "వాడికి ఇష్టం లేదు" అని చెప్పాను.

నువ్వు ఆనాడే "నేనే ఎక్కమన్నాను అక్కా" అని ఉంటే ఏం జరిగేదో నాకు బాగా తెలుసు. నా తమ్ముడి చేతిలో జరిగిందంటే అది నా పుట్టింటి తప్పు. మన తప్పుకి మనమే నిలబడాలని, వాణ్ణి నేనే తీసుకొచ్చి పీటల మీద కూర్చోబెట్టేదాన్ని. నేను మంచిదాన్నని చెప్పుకోవడం లేదు. పిల్ల తప్పయితే వదిలేస్తాను, తమ్ముడి తప్పయితే చేరదీస్తాను, ఇదేం న్యాయమో నాకే తెలియడం లేదు. కానీ నేను అలాంటిదాన్నే. నువ్వు ఒక అబద్ధం ఆడావు, నేను దాన్ని అడ్డం పెట్టుకున్నాను. చేతులు కాలాక ఇద్దరం ఆకులు పట్టుకున్నాం.

ఇప్పుడు వాడికో సంసారం ఉంది. ఈ సంగతి వాడికి చెప్పను. సుస్మిత ఏ పాపం చేసిందని.

ఈ ఉత్తరం సిరీషకి చదివి వినిపించు. దానికి వేరే రాద్దామంటే నాకు చెయ్యి రావడం లేదు.

శాంత

*

క్యాంపు,
నవంబరు 10

అక్కయ్యా,

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులు నా జేబులోనే ఉంది. నిన్న ఆదివారం, అది పెరట్లో చేతికర్రలు పక్కన పెట్టుకుని స్కూటరు తుడుచుకుంటుంటే, ఎదురుగా పీట వేసుకుని మొత్తం చదివాను. ఒక్క ముక్క కూడా వదల్లేదు. గోపీ అన్న మాట చదివేటప్పుడు దాని చేతిలో గుడ్డ ఆగింది. మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.

చదవడం అయ్యాక, "అత్తయ్యకి ఏమని రాశావు?" అని అడిగింది. అంతా ఒప్పుకుని రాశానన్నాను. అప్పుడు అంది.

"అత్తయ్యకి రాయి నాన్నా. నేను గోపీ బావ కోసం ఎదురుచూడలేదు. బాధపడ్డాను, కొన్నాళ్ళకి పోయింది. నేను ఎదురుచూసింది నీ కోసం. పొద్దున పద్నాలుగు కిలోమీటర్లు, సాయంత్రం పద్నాలుగు కిలోమీటర్లు, నీ పక్కనే కూర్చున్నాను. ఇవాళ చెప్తాడు, ఇవాళ కాకపోతే రేపు చెప్తాడు అనుకున్నాను. అందుకే ఇన్నేళ్ళు స్కూటరు మాట ఎత్తలేదు. ఇక చెప్పవని తెలిశాక అడిగాను. చివరికి చెప్పావు. అత్తయ్యకి చెప్పావు."

నేను దాని కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాను అక్కయ్యా. "నేనే ఎక్కమన్నాను తల్లీ. భయంగా ఉందన్నా వినలేదు" అన్నాను. ఈ రెండు మాటలకి ఆరేళ్ళు పట్టింది నాకు. అది కోప్పడలేదు. నా తల మీద చెయ్యి వేసి, "సరే నాన్నా, లే" అంది. ఆ చేతికి స్కూటరు తుడిచిన నీళ్ళు ఉన్నాయి. ఏడ్చింది నేనే.

ఈ పొద్దున అన్నం డబ్బా కట్టుకుంటూ మామూలుగానే మాట్లాడింది. సెంటర్ వెనక వీధిలో పూలమ్మ అనే ఆవిడ ఇంట్లో కింద గది చూసిందట, మెట్లు లేవట. ఒకటో తారీకు నుంచి అక్కడ ఉంటానంది. ఆదివారాలు వస్తానంది. నేను వద్దనలేదు. వద్దనడానికి నా దగ్గర ఏం మిగిలింది?

ఎనిమిదిన్నరకి బయల్దేరింది. కాలువ వంతెన మలుపు దాకా మన అరుగు మీదనుంచి కనపడుతుంది. మెల్లగా, పక్కకి జరిగి, హారన్ కొట్టి తిరిగింది. నేను ఆ రోజు తిరగాల్సినట్టే తిరిగింది.

నీ తమ్ముడు